పెరటి తుప్ప, వేసవి నిప్పు



క్రిందటి మాసమున ఈ శీర్షికయందు కొత్తధాన్యమును పురుగు పట్టకుండ నిలువచేయు పద్ధతులను గూర్చి ముచ్చటించితిమి. ఆ ధాన్యము గాదెలకు చేరినది. మినుములును నేడో రేపో యిల్లు చేరును. ఇక వానిని పురుగునుండియే గాక నిప్పునుండియు కాపాడుకొనవలసిన దినములు వచ్చుచున్నవి. శివరాత్రితో చలి "శివశివా" యనుచు వెడలిపోవునని పెద్దలందురు. చలి వెడలిన నాటినుండి మన సీమలో గట్లమీది గడ్డి పండుబారును. ఉగాది నాటికి చేత నలిపిన పొడియగును. రోహిణికార్తెలో రోళ్లు పగులు వేళకు అది మందుగుండుతో సమానమగును. ఆ వేళ వచ్చిన తరువాత వ్రాసి ప్రయోజనము లేదు గనుక, ఇంటిచుట్టు పెరిగి ఎండునట్టి గడ్డిని, తుప్పలను, కంపలను గూర్చి ఇప్పుడే వ్రాయ సంకల్పించితిమి.

"అడవియే లేని మన పల్లపుసీమలో కార్చిచ్చు మాట యెందుకు?" అని కొందరు చదువరులకు తోచవచ్చును. 2014వ సంవత్సరము మార్చి నెలలో శేషాచలపు కొండలయందు నిప్పు లేచి తిరుమల పరిసరములదాక వచ్చినప్పుడు దాని నార్పుటకు విమానదళమువారి హెలికాప్టరులు రావలసివచ్చినది. అట్టి కొండలుగాని, అట్టి అడవులుగాని మచిలీపట్నమునకును గుడివాడకును లేవు. దివిసీమ చివర నున్నవి మడ అడవులు. అవి ఉప్పునీటి బురదలో వేళ్లూని నిలుచునవి గనుక సులభముగ అంటుకొనవు. ఇంతవరకు నిజమే.

కాని పెరటితలుపు తీసి ఒక్కమారు బయటకు చూడుడు. మురుగుకాలువ గట్లపై జమ్ము. కృష్ణ లంకలలో రెల్లు. చేలగట్లపై తాటిచెట్లు, వాని మెడల చుట్టు ఏండ్ల తరబడి వ్రేలాడు ఎండుమట్టలు. బందరు ప్రక్క చవిటినేలలపై సర్కారుతుమ్మ. సముద్రపుటొడ్డున సరుగుడుతోటలు, వాని క్రింద పరుపువలె పరచుకొన్న రాలుటాకు. ఒకరు నాటినదైనను, తనంత మొలచినదైనను, ఎవరును కోయక ఎండినదంతయు నిప్పు పాలిటికి అడవియే. అటవీశాఖవారి లెక్కలో నున్నదా లేదా యని నిప్పు విచారింపదు.

మేమీ విషయమును పుస్తకములు చూచి మాత్రమే వ్రాయుటలేదు. మా పుట్టినిల్లు దివిసీమలోని యొక చిన్న గ్రామము. మా చిన్నతనమున ఒక వైశాఖమాసపు మధ్యాహ్నము మా అమ్మ పొయ్యి తీసి, బూడిదను పెంటపోగుమీద పోసిరమ్మని మాచేతి కిచ్చినది. పైకి చల్లారినట్లే యుండెను. లోపల కణికెలున్న సంగతి చూడక పోసి వచ్చి ఆటలో పడితిమి. పెంట ప్రక్కనే గట్టు, గట్టునిండ ఎండుగడ్డి, గట్టు చివర పొరుగువారి గడ్డివామి. పడమటిగాలి విసరుచుండెను. పెద్దలు కేకలు విని వచ్చునప్పటికి వామి తాటిచెట్టంత ఎత్తున మండుచున్నది. ప్రక్క యింటికి నిప్పు తగులునని ఊరివారందరు ఆ యింటి కప్పుమీదనే కడవలతో నీళ్లు చల్లిరి. ఆ యిల్లు నిలిచినది. కాని అచ్చటికి ఆరిండ్ల అవతల నున్న యొక వితంతువు పూరిల్లు, ఎవరును చూడకుండగనే, కాలిపోయినది. వామినుండి లేచిన మండుటెండుగడ్డి గాలిలో తేలిపోయి ఆమె చూరుక్రింద పేర్చియున్న కొబ్బరిమట్టలపై వ్రాలినదట.

మనుష్యులకు హాని కలుగలేదు. కాని ఆమె విత్తనమునకై దాచుకొన్న మినుములు, పెట్టెలోని చీరలు, పాకలో కట్టివేసియున్న పెయ్యదూడ పోయినవి. మా తండ్రిగారు ఆమెకు పాక వేయించి, పెయ్యను కొనియిచ్చిరి. ఆమె మమ్ము ఒక్కమాట యనలేదు, తరువాత మేము కనబడినప్పుడెల్ల, "అమ్మాయీ, బూడిదలో నీళ్లు పోసితివా?" యని మాత్రమడుగుచుండెడిది. ఆ ప్రశ్న మాకు నేటికిని చెవులలో నున్నది. ఈ వ్యాసమంతయు దానికి ఆలస్యముగ నిచ్చు జవాబని చదువరులు తలంతురు గాక.

ఆనాడు మేము తెలియక చూచినదానిని తరువాత తెలిసికొంటిమి. నిప్పు ఇంటికి రెండు విధములుగ వచ్చును. ఒకటి నడచి వచ్చునది. రెండవది ఎగిరి వచ్చునది. నడచి వచ్చు నిప్పునకు మెట్లు కావలెను. పెంటపోగునుండి గట్టు, గట్టునుండి కంప, కంపనుండి దడి, దడినుండి చూరు. వీనిలో ఒక్కమెట్టు తీసివేసినను అది అచ్చటనే ఆగును. ఎగిరి వచ్చు నిప్పునకు మెట్లక్కరలేదు; దిగిన చోట మెత్తని ఎండుపాన్పు కావలెను. చూరుక్రింద మట్టల కట్ట, గోడవార పిడకల గూడు, కప్పుమీద రాలిన ఆకు, అరుగుక్రింద చెత్త, ఇవియే ఆ పాన్పులు. పాన్పు దొరకని రవ్వ క్షణములో బూడిదయగును. కావున ఇల్లు కాలుట కాలకుండుట దూరమున మండు మంటకంటె ఇంటిచుట్టునున్న కొలదిపాటి నేలపై ఎక్కువగ ఆధారపడియున్నది.

ఇది మా ఊహ మాత్రము కాదు. అమెరికా అటవీశాఖలో పరిశోధకుడుగ నుండిన జాక్ కోహెన్ అను నాయన ఇండ్లు కార్చిచ్చులో ఏల కాలుచున్నవని చిరకాలము పరిశీలించెను. కెనడా ఉత్తరప్రాంతమున 1997 మొదలు 2000 వరకు జరిగిన ప్రయోగములలో, మండుచున్న అడవి యెదుట కొయ్యగోడలను వేరువేరు దూరములలో నిలిపి చూచిరి. 10 మీటర్ల దూరమున నిలిపిన గోడలలో కొన్ని అంటుకొన్నవి. 30 మీటర్ల దూరమున నిలిపినవి అంటుకొనలేదు. అనగా అంత పెద్దమంటయైనను తన వేడిమిచేతనే నూరడుగుల అవతలి గోడను కాల్చలేదన్నమాట. అట్లయిన ఊళ్లకు ఊళ్లు ఏల కాలుచున్నవి? 2018 నవంబరు 8వ తేదీన కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ అను పట్టణము కాలి 85 మంది మరణించిరి. 18,000లకు పైగా కట్టడములు నాశనమయ్యెను. తరువాత చూడబోగా అనేకచోట్ల ఇల్లు పునాదివరకు కాలియున్నది, దాని ప్రక్కనున్న చెట్టు పచ్చగనే యున్నది! అడవిమంట వచ్చి ఇంటిని తాకలేదు. గాలిలో ఎగిరివచ్చిన రవ్వలు ఇంటివార చెత్తలో దిగినవి. ఒక ఇల్లు రెండవ ఇంటిని కాల్చినది. మా పొరుగున నుండిన వితంతువు పాకకును, ఆ పట్టణమునకును సముద్రములు అడ్డమున్నను సంగతి యొక్కటియే.

ఆ దేశమున నిప్పుభయము గల ప్రాంతములలో ఇంటిచుట్టు 100 అడుగులవరకు ఎండుగడ్డిని, తుప్పలను తొలగించి యుంచవలెనని కాలిఫోర్నియా రాష్ట్రమున చట్టమే కలదు. అచ్చట కాపురములున్న మన తెలుగు సోదరీమణులకు ఇది తెలిసిన సంగతియే. మనకు అట్టి చట్టము లేదు; మన ఇండ్లకు నూరడుగుల పెరడును లేదు. కాని యుక్తి యొక్కటియే గనుక దానిని మన పెరటికొలతకు కుదించుకొనుట మన పని.

ఇచ్చట ఒక సంగతి ఆలోచింపదగియున్నది. మన అమ్మమ్మలు ఈ మాటలేవియు వినలేదు. అయినను వారి పెరడులు అద్దమువలె నుండెడివి. కారణమేమి? వారి పొయ్యియే ఆ పని చేయించెడిది. తాటిమట్ట రాలిన మధ్యాహ్నమునకే ఎవరో యీడ్చుకొనిపోయెడివారు. సరుగుడుటాకును బుట్టలతో ఊడ్చి తెచ్చెడివారు. తుమ్మకంప, కందికట్టె, కొబ్బరిడొక్క, ఏదియు నేలపై రెండు దినములుండుట కలుగలేదు. గట్టుమీది గడ్డిని పశువులు మేసెడివి. వరిగడ్డి వాములకెక్కి వాని కడుపులలోనికే పోయెడిది. పొయ్యియు పశువును కలసి ఊరిని ఊడ్చెడివని చెప్పవచ్చును. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము మొదలైన పిమ్మట పల్లెటింటికిని గ్యాసుపొయ్యి వచ్చినది. అది రావలసినదే. పొగలో కన్నులు పోగొట్టుకొన్న తల్లులను చూచిన మేము దానిని నిందింపజాలము. ఎడ్లస్థానమున ట్రాక్టరు వచ్చినది. కోతయంత్రము వచ్చి గడ్డిని చేలోనే వదలి పోవుచున్నది. తాటిచెట్టు నెక్కి మట్టలు నరకు చేతులును తగ్గిపోవుచున్నవి. ఇన్ని మార్పులలో పొయ్యి మానివేసిన ఊడ్పుపనిని ఎవరు చేయవలెనని మాత్రము ఎవరును ఆలోచింపలేదు. అందుచేతనే నేలపై ఎండు పెరుగుచున్నది. నాడు పొయ్యి ఊడ్చినదానిని నేడు మనము తలచుకొని ఊడ్వవలెను. ఇదియే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము.

అట్లని కొడవలి పట్టి కనబడిన పచ్చనెల్ల నరుకుడని మేము చెప్పుటలేదు. మన సీమలో అంతకంటె అవివేకము వేరొకటి లేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమవారెవ్వరును మరువలేరు. 10,000 మందికి పైగా ఆ ఉప్పెనలో సమసిరి. సముద్రమునకును మనకును నడుమ నిలిచి గాలిని, అలను కొంతయైన మందగింపజేయునవి ఆ మడలును, తాళ్లును, సరుగుడుతోపులును. ఆ ఉప్పెన తరువాత తీరము పొడవున సరుగుడు పెంచుట అందుకొరకే. కార్తికమాసపు గాలివానకు మనకు చెట్టు కావలెను. వైశాఖమాసపు నిప్పునకు మనకు చెత్త కారాదు. ఈ రెంటిని కలిపి ఒక్కమాటలో చెప్పవలెనన్న: నిలిచిన పచ్చను నిలుపుడు, రాలిన ఎండును తీయుడు. తాటిచెట్టును కొట్టవలదు, దాని మెడలోని ఎండుమట్టలను నరికింపుడు. ఆ మట్టలే మంటకు నిచ్చెన; నేలమీద ప్రాకు నిప్పు వానిపట్టుకొని కొమ్మెక్కి అచ్చటినుండి రవ్వలను దూరదూరములకు విసరును. సరుగుడుతోపునంతను ఊడ్వ నక్కరలేదు, ఆ ఆకు నేలకు బలము. ఇండ్లవైపున 30 అడుగుల మేరను మాత్రము ఊడ్చి బాటవలె నుంచుడు.

ఇక పని మొదలుపెట్టుదము. ఇంటినుండి బయటకు మూడు గీతలు గీసికొన్న సులభముగ నుండును.

మొదటి గీత గోడనుండి 5 అడుగులు. ఇది మిక్కిలి ముఖ్యమైనది. దీనిని ప్రతిదినము చూడవలెను. ఈ అయిదడుగులలో కాలునదేదియు నుండరాదు. చూరుక్రింద పుల్లలు, మట్టలు, పాతబుట్టలు, గోనెలు పేర్చుట మన ఇండ్లలో అలవాటు; వానకు తడియకుండుటకది మంచిదే, వేసవిలో మాత్రము మిక్కిలి కీడు. పిడకలను పాకలో దూరముగ నుంచుడు. కప్పు పెంకుదైనను, డాబాయైనను, రేకుదైనను మూలలలో చేరిన ఆకును తీయింపుడు. తాటాకు కప్పయినచో చూరునుండి వ్రేలాడు చిరుగుటాకులను సమముగ కత్తిరింపుడు. వాకిట కళ్లాపి చల్లునట్లు పెరటివైపునను, పడమటి గోడవారను చల్లుట అలవాటు చేసికొనుడు.

దడిని గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. తాటాకు దడి మన సీమలో ఇంటికి మర్యాద. కాని వీథినుండి చూరువరకు ఎడతెగక సాగిన దడి దీపమునకు వత్తివంటిది. ఒక కొన అంటుకొన్న రెండవ కొనకు నిప్పు తానే వచ్చును. దడి ఇంటిని కలియు చోట ఆ చివరి అయిదడుగులను తీసివేసి, అచ్చట మట్టిగోడయైనను, గోరింట మందారముల పచ్చకంచెయైనను వేయుడు. ఖర్చు స్వల్పము, చాటునకు లోటు లేదు. తుమ్మకంపతో వేసిన కంచెకును ఇదియే న్యాయము.

రెండవ గీత 30 అడుగులు, అనగా సామాన్యముగ మన పెరడంతయు. ఇందులో ఎండుగడ్డి నాలుగంగుళములకు మించి పెరుగరాదు. కూరపాదులు, అరటి, కలబంద, కరివేపచెట్టు, ఇవి యుండవచ్చును, ఉండుటయే మేలు. వంటింటి వాడుకనీరు పారునట్టి చోట అరటి నాటుట మన పూర్వుల అలవాటు. ఆ పచ్చని చెమ్మగల వరుస నిప్పున కొక చిన్న కోట. అయితే అరటియాకైనను ఎండి వ్రేలాడినచో కోటలో శత్రువే. ఎండినదానిని ఎప్పటికప్పుడు కోయవలెను. కొబ్బరిమట్టలును అంతే. చెట్టుకొమ్మ కప్పుమీదికి వంగినచో కొట్టింపుడు. తుప్పపైన కొమ్మ, కొమ్మపైన చూరు, ఇట్లు ఒకదానిపై ఒకటి అందుకొనునట్లుండకుండ నడుమ ఎడము విడువుడు.

గడ్డివామిని ఈ రెండవ గీతకు లోపల నుంచుట ఆపదను ఇంట కట్టివేసికొనుటయే. 60 అడుగుల దూరమైన దొరకునా యని చూడుడు. పెరడు చాలనిచో ఊరి వెలుపల కళ్లమునందే యుంచుట మేలు. ఏ దిక్కున నుండవలెనో గాలి చెప్పును. వైశాఖ జ్యేష్ఠములలో మనకు ఎండగాలి పడమరనుండి కొట్టును. కావున ఇంటికి పడమట వామిగాని, కంపగాని, ఎండుతుప్పగాని ఉండరాదు. సాయంకాలము సముద్రపుగాలి తిరిగినప్పుడు మంటయు ముఖము త్రిప్పుకొనును. నిప్పు అటు పోవుచున్నదిలే యని ఊరకుండినవారు ఇందుచేతనే మోసపోవుదురు. వామిమీదుగ కరెంటు తీగ పోకుండ చూచుకొనుడు. తీగ క్రిందుగ వ్రేలాడుచున్నచో విద్యుత్తుశాఖవారికి కాగితము వ్రాయించుడు.

మూడవ గీత పెరటికి అవతల, 100 అడుగులవరకు. ఇది ఒక్క ఇంటి సొత్తు కాదు. కాలువగట్టు ఒకరిది, డొంక పంచాయతీది, బీడు ఎవరిదో తెలియదు. అందరిదైన పని ఎవరిదియు కాదన్నట్లు ఇచ్చటనే జమ్మును తుమ్మయు ప్రబలుచున్నవి. ఊరి పొదుపుసంఘపు సోదరీమణులు ఒకనాడు కూడి, ఊరిచుట్టు తిరిగి, ఏ గట్టునుండి ఏ యింటికి మెట్లున్నవో చూచి, పంచాయతీవారికి చెప్పి మాఘ ఫాల్గుణములలోనే కోయింపవలెను. కోసినదానిని అచ్చటనే పోగువేయరాదు. పచ్చితుమ్మ అంత త్వరగ మండదు. కొట్టి పడవేసిన కంప కొలది వారములలో ఎండి భగ్గుమనును. కొట్టిననాడే తరలింపవలెను. బొగ్గుబట్టీలవారు దానిని కొందురు గనుక కూలిలో కొంత కలిసివచ్చును.

కోయుటకు బదులు తుప్పలను కాల్చివేసిన సులభము గదా యని కొందరందురు. పాములకు వెరచి కాల్చువారును కలరు. 2018 వర్షాకాలమున దివిసీమలో పాముకాట్లు అధికమై జనులు భీతిల్లిన మాట నిజమే. ఇంటివార తుప్ప లేనిచో ఎలుక చేరదు. ఎలుక లేనిచో పాము రాదు. కాని అందుకు కొడవలి చాలును, నిప్పక్కరలేదు. కోయుటకు పోవునప్పుడు ముందు కఱ్ఱతో చప్పుడు చేసి, కాళ్లకు చెప్పులు తొడిగి పోవుడు.

చేలలో కొయ్యకాళ్లను, వదలిన గడ్డిని కాల్చు అలవాటును గూర్చి మగవారితో మాటలాడవలసినది మనమే. వేసవి మధ్యాహ్నము గాలిలో అంటించిన చేను గట్టు దాటినదన్న, ఆ సమయమున చేలో నున్న యజమానుడు క్షేమముగనే యుండును. ఊరిలోనున్న ఇల్లాలు ఆపదలో నుండును. నష్టము అంతతో పోదు. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని యుండును. కాల్చినచో అది దాదాపుగ గాలిపాలు. డబ్బిచ్చి యూరియా కొని నేలకు వేయుచు, ఉచితముగ నున్నదానిని పొగచేయుట ఏమి లెక్క? తొలకరికి దున్ని నీటిలో మురుగనిచ్చిన అదియే ఎరువగును. పశువులున్నవారికి అమ్మినను, పెంటగోతిలో పొరలుగ వేసినను మేలే. గుడివాడ ప్రాంతమువంటి వరిపొలముల నడుమనున్న ఊళ్లలో ఈ మాట ఇంటింట చెప్పదగినది.

పురుషులు చేలకో, బజారునకో వెళ్లిన మధ్యాహ్నవేళనే నిప్పు లేచుట సాధారణము. అప్పుడు ఇంట నుండువారు మనమును, ముసలివారును, పసివారును. భారతమున ఖాండవదహన కథలో జరిత యను తల్లిపక్షి స్థితి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తండ్రిపక్షి దగ్గర లేడు. పిల్లలు నాలుగు, రెక్కలు రానివి. మంట ముంచుకొని వచ్చుచున్నది. ఎలుకబొరియలో దాగుడని తల్లి, అందులో ఎలుక యున్నదని పిల్లలు! అచ్చట అగ్నిదేవుడు ప్రార్థన ఆలకించి కరుణించెను. మన ఇంటి కణికెకు అట్టి కరుణ యున్నదని నమ్మి కూర్చుండరాదు. బొరియ యేదియో మంట రాకముందే చూచుకొనవలెను. ఇల్లు కాలుచుండగ బావి త్రవ్వుటకు పూనుకొన్నవాని సామెత మనకుండనే యున్నది. వేసవిలో కాలువలు కట్టివేయు దినములందు మనకు బావినీరే గతి యను సంగతియు మరువరాదు.

కావున పడమటివైపున నీటితొట్టి యొకటి, ప్రక్కన రెండు గోనెసంచులు, చూరందు నిచ్చెన, పాకలో పలుపులు కోయుటకు కొడవలి, ఇవి నాలుగును జ్యేష్ఠము వెళ్లువరకు కదలరాదు. దూరమున మంట కనబడగనే 101కి గాని 112కి గాని ఫోను చేయింపుడు. మంట దగ్గరకు వచ్చినదాక ఆగవలదు. పసివారిని, వృద్ధులను గాలికి అడ్డముగ ప్రక్కదారిని బయలునకు పంపుడు. పశువుల పలుపులు కోసివేయుడు. గ్యాసుబండ మీట కట్టుడు. సమయమున్నచో తడిగోనెతో రవ్వలను అణచుడు. సమయము లేనిచో ఇల్లు విడిచి పొండు. పట్టాలు, రేషనుకార్డు, పిల్లల పరీక్షల కాగితములు ఒక చిన్న ట్రంకులో గుమ్మముదగ్గరనే యుంచినచో వానికై మరల లోపలికి పోవలసిన పని యుండదు. ఒంటిపై కాలినచో చల్లని నీటిధార క్రింద 20 నిమిషములుంచి వైద్యునికి చూపుడు; సిరా, పండ్లపొడి, నూనె పూయరాదు.

1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ఓడ పేలి లేచిన మంటల నార్పుచు 66 మంది అగ్నిమాపక దళమువారు ప్రాణము లర్పించిరి. వారి స్మృత్యర్థము ఏటేట ఏప్రిల్ 14 మొదలు 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. ఆ వారమున దళమువారు ఊళ్లకు వచ్చి నిప్పు నార్పు విధములను చూపుచుందురు. మన ఊరికి రండని మహిళాసంఘముల పక్షమున పిలువవచ్చును. కాని వారు వచ్చునాటికే మన పెరటిపని ముగిసియుండవలెను.

ఇంతయు చదివి "ఎన్ని పనులు!" అని అలసినవారికి ఒక్కపనియే చెప్పుచున్నాము. ఈ సాయంకాలమే చూరుక్రిందికి వంగి చూడుడు. అచ్చట పుల్లయున్న తీయుడు, మట్టయున్న ఈడ్చివేయుడు. రేపు రెండవ గీత. ఆదివారమునాడు ఇంటిల్లిపాదియు కలసి గట్టు. బూడిద పారబోయుటకు పిల్లల చేతి కిచ్చునప్పుడు అందులో నీళ్లు పోసితిరో లేదో చూచి మరి యిండు. నలుబదియేండ్లు దాటినను మమ్మా ప్రశ్న విడువలేదు. మీ పిల్లలకు ఆ బరువు వలదు.

వచ్చే మాసమున వేసవిలో మజ్జిగ, తరవాణి మొదలగు చలువపానీయములను గూర్చి ముచ్చటింతుము.